రాజపాళయపు రాజులు, వారి జాగిలములు



మన తోటపల్లి గూడూరు ప్రాంతమున సాయంకాలము కోడూరు వైపు సముద్రపు గాలికి ఎదురుగా నడచి పోవువారికి, రొయ్యల చెరువుల గట్లమీద ఎక్కడ చూచినను ఒక కుక్క కనబడును. పగలెల్లను మోటారు కొట్టము నీడలో పడుకొని యుండి, చీకటి పడినంతనే లేచి గట్టు వెంబడి తిరుగ నారంభించి, ఎరుగని అడుగుచప్పుడు వినబడెనా, ఊరెల్ల లేపును. ఆ కుక్కకు కాపలా తెలియును. యజమాని తెలియును. వేళకు పెట్టు సంగటిముద్ద తెలియును. కాని, “దీని తల్లి ఏది?” అని ఆ చెరువు ఆసామిని అడిగి చూడుడు. నవ్వి ఊరకుండును. అదే ఆసామిని తన దొడ్డిలోని గిత్తను గూర్చి అడుగుడు. తల్లి ఎవరి ఇంటి ఆవు, తండ్రి ఏ ఊరి ఆబోతు, సుడులు ఎక్కడెక్కడ నున్నవి, మూపురము ఎట్లు నిలిచినది, ఇవన్నియు మిమ్ము అరుగుమీద కూర్చుండబెట్టి మూడు తరముల దాక చెప్పును. మన నెల్లూరు పేరు సముద్రములు దాటి బ్రెజిలు దేశమున ‘నెలోర్’ అను పశుజాతి పేరుగా నిలిచినదన్నచో, అది ఇట్టి ఆసాముల జ్ఞాపకశక్తి చలువయే.

తల్లి ఏది, తండ్రి ఏది, తాత ఏది? ఈ ప్రశ్నను పశువును గూర్చి అడుగుట మనకు అలవాటు. కుక్కను గూర్చి అడుగు ఇండ్లు కొన్ని కలవు. నేడు నేను మీతో ముచ్చటింపబోవునది ఆ ఇండ్లను గూర్చియే. వారు తెలుగువారు, అయితే మన రాష్ట్రమున లేరు.

శ్రీకృష్ణదేవరాయలవారి ఆముక్తమాల్యదను ఎరిగినవారికి విల్లిపుత్తూరు క్రొత్త యూరు గాదు. గోదాదేవి పుట్టిన ఆ శ్రీవిల్లిపుత్తూరునకు దక్షిణముగా కొద్ది దూరము పోయినచో, పడమటి కనుమల పాదముచెంత, ప్రత్తి మిల్లులతో నిండిన రాజపాళయమను పట్టణము కానవచ్చును. అది తమిళనాడులోని విరుదునగర్ జిల్లా. వీథిలో వినబడునది తమిళము. కాని కొన్ని ఇండ్ల గడప దాటి లోనికి పోయినచో వినబడునది తెలుగు. విజయనగర ప్రభువుల నాడును, మధుర నాయకుల నాడును దక్షిణమునకు తరలిపోయి, అచటనే స్థిరపడి, తరములు గడచినను ఇంట తెలుగును విడువని రాజుల సంతతివారు వారు. 1949 మొదలు 1952 వరకు చెన్నరాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా నుండిన పి. ఎస్. కుమారస్వామి రాజాగారు ఆ ఊరివారే. ఆనాడు మన నెల్లూరును ఆ రాష్ట్రములోనిదే గనుక, ఆయన మనకును ముఖ్యమంత్రియే యని ఈ కాలపు పిల్లలకు ఒకమారు జ్ఞాపకము చేయవచ్చును.

ఆ ఊరి పేరే ఒక జాగిలము పేరు. రాజపాళయపు కుక్కయన్న, మన దేశమున కుక్కలను ఎరిగినవారెల్లరు తల యెత్తి విందురు. కన్నులు మూసికొని ఆ రూపమును ఊహించుకొనుడు. మనిషి నడుము దాక రాదగిన పొడవు. పాలవంటి తెలుపు. ఒంటిమీద పొట్టిగా, నున్నగా అంటుకొని యుండు వెండ్రుకలు. లోతైన రొమ్ము, లోనికి పోయిన కడుపు, సన్నని పొడుగుపాటి కాళ్లు. చెవులు వ్రాలి యుండును. ముక్కు గులాబీ వన్నె. కన్నులు పసిడి వన్నె. పరుగెత్తుటకే బ్రహ్మదేవుడు కొలత తీసి చేసిన శరీరము. పాళెగాండ్ర కాలమున ఈ జాగిలములను అడవిపందుల వేటకును, ఇంటి కాపలాకును పెంచెడివారు. పరాయివానిని దరిజేరనీయవు, తమవాడన్న ప్రాణమిచ్చును.

మన పూర్వులు కుక్కను ఎంత విలువగలదానినిగా ఎంచిరో తెలుపు రాయి యొకటి కన్నడదేశమున కలదు. క్రీస్తుశకము 949వ సంవత్సర ప్రాంతమున, మన నెల్లూరునకు దక్షిణముగా నున్న తక్కోలమువద్ద రాష్ట్రకూటులకును చోళులకును ఘోరయుద్ధము జరిగెను. ఆ యుద్ధమున పరాక్రమించిన మణలేరుడను వీరుని జూచి, మెచ్చిన ప్రభువు, “ఏమి కావలయునో కోరుకొమ్ము” అనెను. ఊరు కోరవచ్చును, బంగారము కోరవచ్చును. ఆ వీరుడు ‘కాళి’ అను వేటకుక్కను కోరెను. వినుచున్నారా, శ్రోతలారా? యుద్ధము గెలిచినవాడు కుక్కను కోరెను. ఆ కాళి యొకనాడు పెద్ద అడవిపందితో తలపడి, పందిని చంపి తానును చచ్చెను. దాని పేర నొక శిలను నిలిపి, ఆ శిలకు పూజ జరుగుటకు భూమిని దానము చేసిరి. మాండ్య జిల్లాలోని ఆతకూరున దొరికిన ఆ వీరగల్లును నేడు బెంగుళూరు ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలలో చూడవచ్చును. రాతిపై కుక్కయు పందియు పెనగులాడుచుండును.

ఇక రాజపాళయమునకు మరల వత్తము. ఒక జాతి యెట్లు నిలుచును? గ్రంథములో వ్రాసినంత మాత్రమున నిలువదు. ఒక ఇంట తాత చూచిన చూపు తండ్రికి వచ్చి, తండ్రి చూపు కొడుకునకు వచ్చి, ఏ పిల్లను ఉంచవలెనో, ఏ పిల్లను పెంపకమునకు మాత్రమే ఇచ్చి సంతతికి దూరముగా నుంచవలెనో, ఏ ఆడుదానిని ఏ మగదానితో జత కట్టింపవలెనో, ఏ రెంటిని ఎన్నడును కలుపరాదో, ఆ తెలివి ఇంటిలో నిలిచియున్నంత కాలమే జాతి నిలుచును. కాగితముమీద వంశవృక్షము వ్రాయుట తరువాతి మాట. మొదట నుండవలసినది చూపు.

అట్టి యింటిలోని తాతగారి నొకరిని నేను ఎరుగుదును. పేరు చెప్పుట ఆయనకు ఇష్టముండదు. ఆయన తండ్రియు కుక్కలను పెంచెను, తాతయు పెంచెను. మనుమడు ఇప్పుడు కుక్కలను ప్రదర్శనలకు తీసికొనిపోవుచున్నాడు. నేను పోయినవేళ ఆ యింటి ఆడకుక్క ఈని నెల దాటినది. పెరటి కొట్టములో గోనెసంచులమీద పిల్లలు ఒకదానిపై నొకటి పడి నిద్రించుచున్నవి. తల్లి మమ్ము చూచి గుర్రుమన్నది. ఇంటి ఇల్లాలు వచ్చి దాని తలపై చేయి వేయువరకు మాకు లోనికి పోవ శక్యము గాలేదు. ఈనిన కుక్కవద్దకు ఆమె తప్ప పరులు పోరాదని ఆ యింటి కట్టడి. ఏ పిల్ల మొదట పాలకు ఎగబ్రాకును, ఏ పిల్ల వెనుకబడును అను లెక్కయంతయు ఆమె నోటనే యున్నది. తాతగారు పుస్తకములో వ్రాసికొనునది ఆమెను అడిగియే.

మనుమడు ఒక పిల్లను పైకెత్తి చూపించెను.

“తాతా, చూడు. ఒక్క మచ్చ లేదు. ముక్కు చూడు, ఎంత గులాబీగా ఉందో! షోకు దీన్నే తయారు చేస్తా.”

“మచ్చ లేదు, సరేరా. చెవి ఉందా?”

“రెండున్నాయి గదా తాతా!”

“ఉన్నాయని నాకూ కనబడుతోంది. వినబడుతుందా అని అడుగుతున్నా. కింద పెట్టు, నిద్ర పోనీ.”

పిల్లలు మరల నిద్రలో మునిగిన పిదప, తాతగారు మనుమనిచేతికి ఒక ఇత్తడి పళ్లెమును, గరిటెను ఇచ్చి, వెనుకకు పోయి నిలువుమనిరి. “నేల మీద కొట్టొద్దురా. నేల అదిరితే చెవిటిది కూడా లేస్తుంది. గాలిలో పట్టుకొని కొట్టు. దాని కంట పడొద్దు” అనిరి. పళ్లెము మ్రోగినది. పిల్లలన్నియు తలలెత్తినవి. ఆ మచ్చలేని తెల్లనిది మాత్రము నిద్రించుచునే యున్నది. మరియొకమారు మ్రోగినది. అది కదలలేదు. మనుమని ముఖము వాడిపోయినది. తాతగారు ఏమియు అనలేదు. పుస్తకము తీసి, కన్నద్దములు సవరించుకొని, ఒక పంక్తి వ్రాసికొనిరి.

శ్రోతలారా, ఈ సంగతిని నేను కొంచెము నిదానముగా చెప్పెదను. ఎందుకన నా ప్రసంగమునకు ఇదియే ఆయువుపట్టు. చర్మమునకును వెండ్రుకకును రంగు నిచ్చు సూక్ష్మకణములు లోపలి చెవిలోను కలవు. అచట వాని పని రంగు వేయుట గాదు. వినికిడికి ఆధారమైన ద్రవములను తగిన పాళములో నుంచుట. తెలుపునే కోరి, తెలుపునే ఏరి, తెలుపును తెలుపుతోనే కలుపుచు పోయినయెడల, ఆ రంగుకణములు చెవి దాక చేరని పిల్లలు పుట్టవచ్చును. పుట్టిన కొన్ని వారములలోనే, ధ్వనిని గ్రహింపవలసిన లోపలి చెవి కణములు నశించిపోవును. పైకి చూచుటకు చెవి చక్కగానే యుండును. తెల్లని కుక్కలన్నియు చెవిటివి యని నేననుట లేదు. తెలుపునే గుణముగా నెంచినచో చెవిటితనము వంశములోనికి దారి చేసికొనుననుచున్నాను. రాజపాళయపు జాగిలమునకే కాదు, తెల్లని ఒంటిపై నల్లచుక్కలు గల డాల్మేషియనుకును ఈ పీడ కలదు.

ఇందులో మరియొక చిక్కు కలదు. రెండు చెవులును వినబడని పిల్లను పళ్లెము పట్టి ఇచ్చును. ఒక చెవి మాత్రమే వినబడని పిల్లను పట్టి ఇయ్యదు. అది పిలిచిన పలుకును, పరుగెత్తి వచ్చును, ఇంటిని కాచును. లోపము ఎవరికిని తెలియదు. తెలియక దానిని సంతతికి ఉంచుదురు. అది తన లోపమును పిల్లలకు పంచిపెట్టును. ఒక చెవి పోయినదా లేదా యని తేల్చుటకు, చెవిలో ధ్వని వినిపించి మెదడులోని విద్యుత్ స్పందనను కొలుచు యంత్రము కావలెను. తాతగారి చూపు ఎంత నిశితమైనను ఇచట చాలదు. ఆయనయే ఆ మాట నాతో అనిరి: “ఏమండీ, మా నాయన కాలంలో పళ్లెం చాలనుకున్నాము. ఇప్పుడు చాలదు. మిషను పెట్టి చూడాల్సిందే. ఆ ఖర్చు మావాడు పెట్టుకుంటాడు, షోలకు పోతున్నాడు గదా!” అని నవ్విరి.

పూర్వము రంగు కలిసిన పిల్లలు పుట్టిన, వానిని లోపముగా నెంచి ప్రక్కకు నెట్టుట కలదు. గోధుమవన్నె మచ్చ గల పిల్లను ఇంటివారు చూపించుటకు సిగ్గుపడెడివారట. నా మట్టుకు నాకు, ఆ మచ్చయే ఆ వంశమునకు రక్షరేకు వంటిదని తోచుచున్నది.

ప్రదర్శనల సంగతి చెప్పెదను. మన దేశమున శునక ప్రదర్శనలు ఆంగ్లేయుల కాలమునుండియు జరుగుచున్నవి. వేసవిలో ఉదకమండలమున జరుగు ప్రదర్శన పేరు పొందినది. ఇప్పుడు చెన్నపట్నమున కార్యాలయము గల కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా వంశావళులను నమోదు చేయుచు, ప్రదర్శనల నియమములను నిర్ణయించుచున్నది. తాడు కట్టి నడుమ విడిచిన చదునైన స్థలము, దానినే రింగు అందురు. కుక్కను పట్టుకొని నడుపువాడు హ్యాండ్లరు. జడ్జిగారు వచ్చి, నోరు తెరచి పండ్ల అమరికను చూతురు. పై పండ్లు క్రింది పండ్లను కత్తెర వలె తాకవలెను. భుజము మీదుగా, వెన్ను మీదుగా చేయి పోనిచ్చి ఎముకల కూర్పును చూతురు. తిన్నగా నొకమారు, త్రికోణముగా నొకమారు పరుగెత్తింపుమందురు. వెనుకకాళ్ల తోపు, ముందుకాళ్ల చాపు, తల నిలుపు, తోక వంపు, అన్నియు కొన్ని నిమిషములలో తూచి చెప్పవలెను. అదియు ఒక విద్యయే. దానిని నేను తక్కువ చేయను.

అయితే రింగు చూడగలిగినది రింగు చూచును. చూడజాలనిది కొంత కలదు. ఎడమ చెవి వినబడునా లేదా యను సంగతి రింగు చూడజాలదు. చీకటిలో పంది ఎదురైన నిలుచునా, పారిపోవునా యను సంగతియు రింగు చూడజాలదు. పూర్వము ఈ పరీక్షలను అడవి చేసెడిది. చెవి వినబడని కుక్క, గుండె లేని కుక్క, ఓపిక లేని కుక్క వేటలో బయటపడెడిది. దానికి సంతతి యుండెడిది గాదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. క్రమముగా వేట నేరమైనది. అది కావలసిన చట్టమే. కాని దానితో ఈ జాగిలమునకు అడవి పెట్టు పరీక్ష పోయి, రింగు పెట్టు పరీక్ష యొక్కటే మిగిలినది. కంటికి నచ్చినదే గెలుపు. తెలుపు కంటికి నచ్చును. ఇక చెప్పవలసినదేమున్నది?

ప్రదర్శన వలన మేలు జరుగలేదని నేననను. విదేశపు కుక్కల మోజులో మన జాగిలములను అడుగువారు లేని కాలమున, నాటు జాతులకు ఒక గౌరవమును చూపినది రింగే. 2005లో మన తపాలాశాఖవారు నాలుగు దేశీయ శునకముల బొమ్మలతో బిళ్లలను వెలువరింపగా, అందు రాజపాళయమును చేరినది. కర్నాలులోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థవారు రాజపాళయమును, చిప్పిపారైని, ముధోలు జాగిలమును దేశీయ జాతులుగా నమోదు చేసిరి. 2020 ఆగస్టున ప్రధానమంత్రిగారు తమ రేడియో ప్రసంగమున ఈ జాతుల పేర్లు చెప్పి, దేశీయ శునకములను పెంచుడని కోరిరి. పిల్లలకు గిరాకి పెరిగినది. గిరాకి పెరిగినచోట ఓపిక తగ్గును; పళ్లెము మ్రోగించి చూచు తీరిక ఎవరికుండును?

ఇన్ని చెప్పి మన యింటి సంగతి చెప్పకున్న బాగుండదు. ఆంధ్రదేశమునకును తనదైన జాగిలము కలదు. దాని పేరు జోనంగి. కొల్లేటి జాగిలమనియు అందురు. రాజపాళయపు కుక్కకు గల రాజసము దీనికి లేదు. ఒడలంతయు పొట్టి వెండ్రుకలు, నుదుట ముడుతలు, ఎల్లపుడు ఏదో దిగులుపడుచున్నట్లుండు ముఖము. అన్ని కుక్కలవలె భౌభౌమని మొరుగదు. కూనిరాగము తీసినట్లు ఒక వింత ధ్వని చేయును. గోతులు త్రవ్వుకొని అందు పడుకొనుట దానికి మిక్కిలి ప్రీతి. కొల్లేటి ప్రాంతమున బాతులను మేపువారు దీనిని పెంచిరి. కోతలైన పొలములలో బాతుల మందను తోలుకొని పోవువారిని మన మండలములోను మీరు చూచియుందురు. వందల బాతులు చెదరకుండ, ఒక్కదానికిని పంటి గాటు పడకుండ మందను మళ్లించుట సామాన్యమైన పనికాదు. రక్తములో వేట గల జంతువు, నోటియెదుట బాతు నడచుచున్నను నోరు కట్టుకొని యుండవలెను!

ఆ గుణమును నిలిపినవారెవరు? ఏ జమీందారును గాదు, ఏ క్లబ్బును గాదు. గుడిసెలు వేసికొని ఊరూర తిరిగిన బాతులవారే. బాతును కరచిన కుక్కను వారు ఉంచరు. కరవని కుక్క పిల్లలనే ఉంచుదురు. తాతనుండి మనుమనికి ఆ చూపు వచ్చినది. వారెన్నడును రింగు చూడలేదు. వారి కుక్కల వంశావళి ఎచ్చటను వ్రాయబడలేదు. కొల్లేటి చుట్టును చేపల చెరువులు పెరిగి, బాతులవారు వేరు బ్రతుకుతెరువులు చూచికొనగా, మేలైన జోనంగి అరుదైపోయినది. ఇప్పుడు కొందరు యువకులు వెదకి వెదకి జతలను చేర్చుచున్నారు. వారు రూపమును తిరిగి తేగలరు. బాతును కరవని ఆ నోటిని తేవలెనన్న, మరల బాతుల మందను దానియెదుట నిలుపవలసియుండును. మొదటి తాత లేని ఇంట మూడవ తరము పుట్టుటకు కొంత కాలము పట్టును.

ఇంతకును, మన తీరమున రాజపాళయమును పెంచవలెనని ముచ్చటపడువారు కొందరు నన్ను అడిగియున్నారు. పెంచవచ్చును. ఒంటిమీద దట్టమైన బొచ్చు లేదు గనుక మన ఎండకు ఓర్చుకొనును. కాని గొలుసు వేసి గుంజకు కట్టి యుంచుటకు అది పుట్టలేదు. ఉదయము, సాయంకాలము పరుగెత్తుటకు చోటు కావలెను. పట్నపు మేడమీద చిన్న గదిలో నివసించువారు ఈ కోరికను మానుకొనుట మేలు. క్రొత్తవారిని నమ్మదు గనుక, చిన్ననాడే పదిమందిని అలవాటు చేయవలెను. పిల్లను కొనుటకు పోయినప్పుడు ఎనిమిది వారములైనను నిండినదో లేదో అడుగుడు. అంతకు ముందు అమ్మరాదని 2017 నాటి నియమములు చెప్పుచున్నవి. వర్తకుని దుకాణమున గాక, పుట్టిన యింటికే పోయి చూడుడు. తల్లిని చూపుమని అడుగుడు. తండ్రి ఎవరింటిదో అడుగుడు. తల్లిని చూపనివానివద్ద పిల్లను కొనకుడు. చెవుల పరీక్ష చేయించినారా యని అడుగుడు. చేయించలేదన్న, ఇంటినుండి ఒక పళ్లెమును గరిటెను తీసికొని పోవుటకు మొగమాటపడవలదు. మచ్చ గల పిల్ల కనబడినచో, మచ్చ యున్నదని ధర తగ్గింపుమని మాత్రము బేరమాడకుడు.